ఆరు స్టీలు బెంచీల కోసం అఫ్జల్‌గంజ్ దాకా

ఇందులో ప్రతి మాటా నిజం. కావాలంటే మా ఇంటి గ్యాస్ బండ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తాను.

మా కార్వాన్ బస్తీ మధ్యలో చిన్న ఖాళీ జాగా, అందులో ఒక వేపచెట్టు, దాని కింద యాదమ్మ ఇస్త్రీ బండి. చెట్టు తీసేసి, నున్నటి బండలు పరిచి, స్టీలు బెంచీలు వేద్దామని బస్తీ కమిటీలో లొల్లి పెట్టింది నేనే. ఫారిన్‌లో అంతా ఇట్లాగే ఉంటుందన్నాను. నా ఫారిన్ ప్రయాణం బీదర్‌తో ఆగిపోయింది. మర్నాడు పొద్దున చెట్టు కొట్టేవాళ్ళు వస్తారు. ఆలోగా బెంచీలు కొనుక్కురావడం నా వంతు.

మే నెల. పదకొండున్నరకు బయలుదేరుతుంటే యాదమ్మ ఇస్త్రీ ఆపి అడిగింది. "చెట్టు పోతే నా బండి ఏడ పెట్టుకోవాలె అన్నా?"

"కొత్త బెంచీ మీద దర్జాగ కూసో."

"ముందుగాల నువ్వు కూసో."

పన్నెండుంబావుకు అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగాను. రెండు ఉల్లిగడ్డ సమోసాలు, ఒక చాయ్. ఒంటిగంటకు ఇనుప సామాన్ల దుకాణం చేరాను. ఫుట్‌పాత్ మీద నమూనా బెంచీ తళతళా మెరుస్తోంది.

"జర చూస్కోని సాబ్, పొద్దటి సంది ఎండల ఉన్నది," అన్నాడు సేఠ్.

అంతలో తెల్ల ప్యాంటు వేసుకున్న లావుపాటి పెద్దమనిషి ఒకాయన వచ్చి, ఆ మాట వినిపించుకోకుండా దాని మీద కూర్చున్నాడు. ఆయన వేసిన కేక చార్మినార్ దాకా వినిపించి ఉంటుంది. నలుగురు హమాలీలు రెక్కలు పట్టి లాగారు. సేఠ్ బిందెడు నీళ్ళు కుమ్మరిస్తే బెంచీ బుస్సుమంది.

"అరే భాయ్, ఇది బెంచీయా, పెనమా?" అన్నాడొక హమాలీ.

బెంచీలు కొనలేదు.

రెండుంబావు బస్సు సగం ఖాళీ. "సీట్లున్నయ్ గదన్నా, కూసో," అన్నాడు కండక్టర్. నిలబడితే మోకాళ్ళకు మంచిదన్నాను. కుదుపులు తట్టుకోలేక పురానాపూల్ దగ్గరే దిగేశాను.

అక్కడ గోడ నీడలో ఒక పూల బండి, దాని పక్కనే మామిడిపండ్ల బండి. ఇంత ఎండలో ఎట్లా ఉంటున్నారని పూలమ్మే ముసలమ్మను అడిగాను. "పొద్దుగాల ఆ గోడ నీడ, పగటీలి ఈ గోడ నీడ. ముందు రోడ్డు దాటినోళ్ళు రెండోళ్ళకు జాగ పట్టి పెట్టాలె, గంతే," అంది. నేను బెంచీల సంగతి చెప్పాను. ఆమె నవ్వింది. "మా బండ్లకు చక్రాలున్నయ్. నీ బెంచీలకుంటయా బిడ్డా?"

అక్కడి నుంచి నడిచి నాలుగున్నరకు ఇల్లు చేరాను. అయిదింటికి కమిటీ సమావేశం. ఎక్కడ? వేపచెట్టు కిందే. ఆ ఎండకు బస్తీలో మరోచోట కూర్చోలేరు మరి. తెల్ల ప్యాంటు పెద్దమనిషి గతి వివరంగా చెప్పాను.

"చెట్టు ఉండనీ," అన్నాను. "పొద్దటి నీడకు ఇటొకటి, సాయంత్రం నీడకు అటొకటి, రెండే చెక్క బెంచీలేద్దాం."

ప్రెసిడెంటు చెట్టు కొట్టేవాళ్ళకు ఫోన్ చేసి రావద్దన్నాడు.

యాదమ్మ తన స్టూలు నా వైపు తోసింది. "కూసో అన్నా."

వద్దని తల ఊపాను. ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది. "అయితే ముందుగాల నువ్వే కూసున్నవన్నట్టు."

ఇక ఒప్పుకుంటాను. నలుగురు హమాలీలు లేరు, ఒక్కడే లాగాడు. కేక మహా అయితే పక్క దుకాణం దాకా పోయి ఉంటుంది. తెల్ల ప్యాంటు నిజమే గానీ, అందులో ఉన్న పెద్దమనిషి వేరే ఎవరో కాదు. ఈ కథనమంతా బీరువా మీద కాగితాలు పెట్టుకుని, నిలబడి రాశాను.