ఊపిరి లాగి ఎంచిన ఫిల్టరు

నా పికప్ బండిలో ఇంజన్ గాలి పీల్చుకునే పెట్టె, అంటే ఎయిర్ ఫిల్టరు కూర్చునే పెట్టె, మూత పగిలింది. ఒక్క రోజులో పగల్లేదు. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ దారి గుంతలకి క్లిప్పులు ఒక్కొక్కటే ఊడి, ఆఖరికి మూతని తీగతో కట్టుకుని తిరిగాను. ఆ పార్క్‌లో ఫ్యాక్టరీలకి ఇనుప సామాను చేరవేయడం నా పని. అక్కడి దుమ్ము కాటుకలా నల్లగా, మెత్తగా ఉంటుంది. అది ఇంజన్‌లోకి పోతే బండి పని అయిపోయినట్టే. కంపెనీ పెట్టె ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. బయట దొరికే రకాల్లో ఏదో ఒకటి బిగించుకుందామని గోల్‌బజార్‌లో బండి సామాన్ల దుకాణానికి బయల్దేరాను.

తీరా బండెక్కబోతుంటే నాన్న చొక్కా వేసుకుని వీధిలో నిలబడి ఉన్నాడు.

"ఫిల్టరంటే నేన్రాకుండా ఎలా కొంతావురా? ముప్పై ఏళ్లు అదే పని సేసినాను."

నిజమే. రైల్వే వర్క్‌షాపులో ఇంజన్ల ఫిల్టర్లు విప్పి, గాలి కొట్టి దులిపి, కడిగి ఆరబెట్టే సెక్షన్‌లోనే ఆయన ఉద్యోగమంతా గడిచింది. ముక్కుకి గుడ్డ కట్టుకున్నవాడిని చూసి అక్కడ నవ్వేవారట. రిటైరైన దగ్గర్నుంచి దగ్గు. మా ఇల్లు ఓల్డ్ సెటిల్‌మెంట్ పేటలో ఒక సందు చివర. ఈ మధ్య సందు మొదట్లో కూరగాయల బండి దాకా వెళ్లొచ్చినా అరుగు మీద కూలబడుతున్నాడు. ఆసుపత్రికి పదమని అమ్మ మూడు నెలలుగా పోరుతోంది. "నాకేటయింది? దగ్గు అందరికీ వస్తాది" అని ఆయన మొండికేశాడు. నేను గట్టిగా ఒక మాట అంటే వినేవాడే. నా మాటకి ఆయన దగ్గర ఆ మాత్రం విలువ ఉంది. కానీ రేపందాం, ఎల్లుండందాం అనుకుంటూ రోజులు నెట్టాను.

దుకాణం నడిపే బెంగాలీ ఆయన్ని అందరూ దాదా, అంటే అన్న, అంటారు; తెలుగు అర్థమవుతుంది. రెండు రకాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి ఎర్రటి నూలు జాలీ ఫిల్టరు. పెట్టె ఉండదు, నేరుగా గొట్టానికి బిగించేయడమే. ఇంజన్ చప్పుడు గంభీరంగా వస్తుందని జనం దీనికే ఎగబడతారట. రెండోది నల్లటి మూత పెట్టె. లోపల మందపాటి కాగితం మడతల ఫిల్టరు, దాని మీద స్పాంజి పొర. "కాకూ, పార్క్ లైన్ మే తో యహీ చలేగా" అని, పార్క్ దారి దుమ్ముకి ఇదొక్కటే పనికొస్తుందని దాదా నాన్నకి తేల్చి చెప్పాడు. నాకూ అదే నచ్చింది. అక్కడితో ముగిసిపోవాల్సిన వ్యవహారం.

"ఆగాగు. ఊపిరి లాగి సూడాల" అన్నాడు నాన్న.

అది వాళ్ల సెక్షన్ అలవాటు. కొలిచే మీటరు ఉన్నా పాతవాళ్లు దాన్ని నమ్మేవారు కాదు. కడిగిన ఫిల్టరుని ముక్కూ నోరూ మూసుకుపోయేలా మొహానికి అదిమి ఒక్కసారి లాగి చూసేవారు. ఊపిరాడితే పాస్, లేకపోతే మళ్లీ తొట్టిలోకి. నా చిన్నప్పుడు నాన్న మొహం మీద గళ్లుగళ్లుగా జాలీ అచ్చుతో ఇంటికొచ్చేవాడు. "ఈయాల ఎన్నింటికి ముద్దులెట్టినావు?" అని అమ్మ ఏడిపించేది.

ముందు ఎర్రదాని మూతిలో మొహం పెట్టి లాగాడు. "బాగుంది. గాలి ఆడతంది" అన్నాడు. తర్వాత నల్లపెట్టెలోంచి కాగితం ఫిల్టరు తీసి మొహానికి అదుముకున్నాడు. భుజాలు పైకి లేచాయి. మెడ నరాలు తేలాయి. మళ్లీ లాగాడు. కింద పెట్టేసరికి నుదురంతా చెమట.

"ఇది బిగిసిపోనాది. ఇంజన్ ఊపిరాడక సచ్చిపోద్ది" అన్నాడు. దాదా బిత్తరపోయి నా వైపు చూశాడు.

"నువ్వు సూడు" అని నాన్న ఫిల్టరు నా చేతికిచ్చాడు.

మొహానికి అదిమి లాగాను. కొత్త కాగితం వాసన తప్ప అడ్డేమీ లేదు. కిటికీ దగ్గర నిలబడి పీల్చినంత తేలిగ్గా గాలి వచ్చింది. దీన్ని కూడా లాగలేకపోతున్నాడా ఈయన? ఫిల్టరు మొహం మీంచి తీయడానికి భయమేసింది. తీస్తే ఏదో ఒకటి చెప్పాలి.

తీశాను. నాన్న నా కళ్లలోకే చూస్తున్నాడు.

"ఏటి? బిగుతుగా నేదూ?"

దాదా వింటున్నాడు. వెనక ఇంకో ఇద్దరు ఏవో కొనుక్కుంటూ వింటున్నారు. అంతకాలం అదే పని చేసిన మనిషిని వాళ్ల ముందు ఎలా తక్కువ చేయను?

"అవును నాన్నా. బిగుతుగానే ఉంది" అన్నాను.

ఆయన మొహం విప్పారింది. ఆయన అంత తేలికపడగా చూసి ఎన్ని నెలలైందో. దాదాకి హిందీలో ఫిల్టర్ల మీద పెద్ద పాఠమే చెప్పాడు. ఎర్రది పట్టుకుని ఇంటికొచ్చాం.

మర్నాడు ఒక్కణ్ణే వెళ్లి నల్లపెట్టె తెచ్చి బిగించాను. ఎర్రదాన్ని సీటు వెనక గోనెసంచిలో దాచాను. నాన్న బానెట్ ఎత్తుతాడేమోనని వారం రోజులు బండిని సందు బయటే పెట్టాను. "ఎలా లాగతందిరా?" అని అడిగితే "నువ్వు ఎంచింది కదా, బ్రహ్మాండం" అన్నాను. మీసం దువ్వుకున్నాడు. ఆ తర్వాత అమ్మ ఆసుపత్రి మాట ఎత్తితే చాలు, "నా ఊపిరికేటీ అవనేదు, నీ కొడుకునడుగు" అనేవాడు. అమ్మ నా వైపు చూసేది. నేను కంచం వైపు చూసుకునేవాణ్ణి.

నాలుగు నెలలు గడిచాయి. ఒక పొద్దున్న స్టేషన్ ఫుట్‌బ్రిడ్జి మెట్ల మీద సగంలో కూర్చుండిపోయాడు. ఇద్దరు కూలీలు పట్టుకుని కిందికి దించారు. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒక గొట్టం ఇచ్చి ఊదమంది. ఊపిరితిత్తులు చాలావరకు గట్టిపడిపోయాయని, పోయింది తిరిగి రాదని చెప్పింది. ముందే తెచ్చి ఉంటే కొంతైనా నిలబెట్టేవాళ్లం అంది. ఎంత ముందు అని అడిగే ధైర్యం నాకు లేదు. అమ్మ అడిగింది.

"కొన్ని నెలల ముందైనా" అంది డాక్టరమ్మ.

ఇంటికి వస్తున్నాం. అమ్మ ఒళ్లో మందుల సంచి. నాన్న తలుపు వైపు ఒరిగి కూర్చున్నాడు. ఇంక నా వల్ల కాలేదు. బండి పక్కకి ఆపి చెప్పేశాను.

"ఆ రోజు ఆ ఫిల్టరు బిగుతుగా లేదు నాన్నా. నాకు ఊపిరి బాగానే ఆడింది. అందరి ముందూ నువ్వు చిన్నబుచ్చుకుంటావని అబద్ధమాడాను."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"కొత్త ఫిల్టరు బిగుతుగా ఉండదని నాకు తెల్దేటిరా?" అన్నాడు మెల్లగా, మాట మాటకీ ఆగుతూ. "నాకే ఏదో అయినాదని బయపడినాను. అందుకే నిన్ను లాగమన్నాను. నీకూ బిగుతుగానే ఉందన్నావు. అయితే నాకేటీ నేదనుకున్నాను."