గ్యాసునూనె లేని ఇల్లు

కారు ఇంజన్ శుభ్రం చెయ్యాలంటే మా బాపుకు గ్యాసునూనె కావాల్సిందే. కిరోసిన్‌ను మేం అట్లాగే అంటాం. డబ్బాలో ఇంత పోసుకుని, బ్రష్ ముంచి, పేరుకున్న జిడ్డును రుద్దితే గానీ ఆయన మనసు కుదుటపడదు. కిరాయికి తిప్పే పాత డీజిల్ కారు అది. మా నలుగురికీ అన్నం పెట్టేది అదే కాబట్టి ఆయన మొండితనాన్ని ఎవరం ఏమీ అనేవాళ్లం కాదు.

ఉద్యమం ముదిరిన ఆ ఏడు సిద్దిపేటలో బందు లేని వారం లేదు. రోడ్ల మీద టైర్లు కాలుతూనే ఉండేవి. జగదేవ్‌పూర్ దాకా ఒక్క కిరాయికి పోయి వస్తే చాలు, ఆ మసంతా ఇంజన్ మీద కారిన ఆయిలుకు పట్టుకుని అట్టలు కట్టేది.

ఆ రోజుల్లోనే మా వెనక గల్లీ పిల్లవాడు ఒంటికి నిప్పు పెట్టుకున్నాడు. తెలంగాణ కోసమే అన్నారు. చౌరస్తాలో వాడి ఫొటోతో ఫ్లెక్సీ కట్టి జోహార్లు చెప్పారు. నేను పనిచేసే ప్రైవేటు బడి మూతపడితే నేనూ ఊరేగింపులకు పోయినదాన్నే, రోడ్డు మీద బతుకమ్మ ఆడినదాన్నే. కానీ ఆ ఫ్లెక్సీ చూస్తే మాత్రం చెడ్డ కోపం వచ్చేది. వాళ్లమ్మ దాని కింది నుంచే కూరగాయలకు పోవాలి. ఆ సంగతి కట్టినవాళ్లలో ఒక్కడికన్నా తట్టిందా?

వాడు మా తమ్ముడికి చిన్నప్పటి దోస్తు. హైదరాబాద్‌లో చదువుతున్న తమ్ముడు సావుకు వచ్చి, మళ్లీ పోలేదు. మాట్లాడటం మానేశాడు. పెడితే తినేవాడు, లేకపోతే గోడవైపు తిరిగి పడుకునేవాడు. కన్నతల్లి కదా, అవ్వ ఇంట్లో ఉన్న గ్యాసునూనెంతా మోరీలో పారబోసింది. అగ్గిపెట్టె రొండిన దోపుకుని తిరిగేది. తమ్ముడు బయటి నుంచి వస్తే చాలు, ముందు వాడి చేతులు పట్టుకుని వాసన చూసేది. పోలీసు కుక్క కూడా ఇంత చూడదని ఒకసారి ఎగతాళి చేశాను. అవ్వ నావైపు ఒక్క చూపు చూసి, మళ్లీ వాడి చేతులే వాసన చూసింది.

బాపు మాత్రం ఒక్క గ్లాసెడు తెచ్చుకుంటానని రోజూ కొట్లాడేవాడు. సబ్బునీళ్లతో జిడ్డు పోదనేవాడు. పోకపోతే ఉండనిమ్మనేది అవ్వ. చివరికి ఆయనే దిగొచ్చాడు. ఇంజన్ పూర్తిగా చల్లబడేదాకా ఆగి, బ్యాటరీ వైరు విప్పి, నీళ్లు తగలకూడని చోట్లన్నీ పాలిథీన్ సంచులతో కట్టేవాడు. పైపు పెట్టకుండా సర్ఫు నురగతో బ్రష్ కొట్టి, తడిగుడ్డతో తుడిచి, ఆరేదాకా బానెట్ తెరిచి ఉంచేవాడు. చేసినంతసేపూ సణుగుతూనే ఉండేవాడు.

ఒకరోజు అవ్వ అంగడికి పోయింది. గోడవైపు తిరిగి పడుకున్న తమ్ముడిని బాపు రెక్క పట్టుకుని లేపి, పని ఉందని కారు దగ్గరికి తీసుకొచ్చాడు. నేను బకెట్‌తో నీళ్లు తెచ్చాను. బ్యాటరీ కింది రేకు మీద తెల్లగా బూజులాంటిది పట్టిందని బాపు ఆ రోజు బ్యాటరీని మొత్తం పైకి ఎత్తాడు. దాని వెనక సందులో, పాత గుడ్డలో చుట్టి ఒక సీసా ఉంది. మూత తీయగానే నాకు కూడా వాసన కొట్టింది. ఇల్లంతా వెతికిన అవ్వ ఏనాడూ బానెట్ ఎత్తి చూడలేదు.

బాపు తమ్ముడివైపు చూశాడు. వాడు తల దించుకున్నాడు. బాపు తిట్టలేదు, కొట్టలేదు. సీసా ఒరిగి నూనె ఆయన వేళ్ల మీదుగా కారింది. తమ్ముడు సీసా కోసం చెయ్యి చాపబోయాడు.

"నువ్వు ముట్టకు బిడ్డా. మీ అవ్వ ముందుగాల నీ చేతులే చూస్తది" అన్నాడు బాపు.

పెరటి గోడ దగ్గర గుంత తవ్వి, సీసా మొత్తం ఒంపి మట్టి కప్పాడు. ఇన్నాళ్లూ గ్లాసెడు కోసం కొట్లాడిన మనిషి బ్రష్‌కు ఒక్క చుక్క తగలనివ్వలేదు. మళ్లీ వచ్చి సబ్బునీళ్లతోనే పని ముగించాడు. ఆ వాసన పోయేదాకా బ్యాటరీ వైరు కూడా తగిలించలేదు.

అవ్వ వచ్చి ఎప్పటిలాగే తమ్ముడి చేతులు చూసింది. సబ్బు వాసన. ఊపిరి పీల్చుకుంది. తర్వాత బాపు పక్కనుంచి పోతూ వాసనకు ఆగిపోయింది. ఎక్కడిదని అడిగింది. నేనే తెచ్చుకున్నానన్నాడు బాపు.

ఆ రోజు మొదలు ప్రతి పూటా అదే పాట. కొడుకు కన్నా కారే ఎక్కువైందా అని అవ్వ తిట్టడం, బాపు కంచంలోకి చూస్తూ తినడం. ఒకసారి నేను నిజం చెప్పబోతే బాపు కళ్లతోనే ఆపేశాడు. నాకు బాపు మీదా కోపమే, తమ్ముడి మీదా కోపమే. ఎవరి మీద చూపించాలో తెలియక గిన్నెలు ఎత్తిపడేసేదాన్ని.

ఒక పగలు అందరం అన్నం తింటున్నాం. అవ్వ వడ్డిస్తూ మళ్లీ మొదలుపెట్టింది.

"ఇంట్ల గిసొంటి పిల్లగాన్ని పెట్టుకొని గది ఎట్ల తెచ్చినవ్? నీకు చేతులెట్ల ఒచ్చినయి?"

"బాపును తిట్టకు అవ్వా" అన్నాడు తమ్ముడు. చాలా రోజులకు విన్నాం ఆ గొంతు. బొంగురుపోయి ఉంది. "గది బాపు తేలే."

అవ్వ చేతిలో గరిటె ఆగిపోయింది. మరి ఎవరు తెచ్చారని అడగలేదు. పప్పు గిన్నె కింద పెట్టి, వాడి ఎదురుగా కూర్చుని, రెండు చేతులూ పట్టుకుని ముఖానికి ఆనించుకుంది. తింటున్న చేతికి పప్పు వాసన తప్ప ఇంకేం వస్తుంది? ఆమె ముక్కుకూ చెంపలకూ మెతుకులు అంటుకున్నాయి. అయినా వదల్లేదు.