దేవుని పోలిక

పరంజ్యోతి పంతులు ధారూరు స్టేషన్లో రైలు దిగి, గొడుగు చంకన పెట్టుకొని, ఊరూరా కాలినడకన తిరుగుతూ బైబిలు వాక్యం చెప్పేవాడు. బక్కపలచని మనిషి, మాట్లాడుతూ తెల్లచొక్కా పైగుండీని ఊరికే తడుముకొనేవాడు. "దేవుడు మనిషిని తన పోలికల చేసిండు. పాపంతోని అది మాసిపోయింది. క్రీస్తు కడిగి మళ్ల నిలబెట్టిండు," అని చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు కంచులా మోగేది. అలా తిరిగే ఒక ఊళ్లో, కూలికి పోయే మొగులమ్మ ఆ మాటను నిజంగానే నమ్మింది. పంతొమ్మిదివందల యాభైమూడులో ఒక పొద్దున, దళితవాడవాళ్లెవరూ చెప్పులతో నడవకూడని పటేలు ఇంటి ముందునుంచి, చెప్పులు విడవకుండానే నడిచింది. పటేలు ఆమెను ఆపి, వెనకే వస్తున్న పంతులును పిలిచాడు. "ఏం పంతులూ, దీనికి గీ బుద్ధి నేర్పింది నువ్వేనా?" పంతులు నేలచూపులు చూశాడు. "నేను గట్ల చెప్పలే దొరా," అన్నాడు. మొగులమ్మ ఆయన ముఖంలోకి ఒక్కసారి చూసి, వంగి చెప్పులు చేతపట్టుకొంది.

ఆ మధ్యాహ్నం ఎప్పటిలాగే జొన్నరొట్టె, పచ్చిపులుసు తెచ్చి ఆయన ముందు పెట్టింది. "తినుండ్రి అయ్యగారూ. నాగ్గూడ భయమైంది," అంది. ఆమె గొంతులో కోపమేమీ లేదు. తిట్టి ఉంటే ఆయన తినగలిగేవాడు. తుంచిన ముక్కను చేతిలోనే పట్టుకొని కూర్చుండిపోయాడు.