సూదిపిల్ల తల్లయిన ఏడాది

మా చెల్లెలి కోడల్ని వీధిలో అందరూ సూదిపిల్ల అంటారు. ఎనిమిదేళ్ల వయసులో దానికి షుగరు వచ్చింది. నాలాంటి ముసలాళ్లకి వచ్చే షుగరు కాదు. ఒంట్లో ఊరవలసిన ఇన్సులిన్ ఊరడం మానేస్తే, బతికినన్నాళ్లూ పూటపూటకీ సూదితో ఎక్కించుకోవలసిన రకం. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, చిన్నప్పుడు మిఠాయిలు మేసి తెచ్చుకుందనే నోళ్లు మా వీధిలో ఇప్పటికీ ఉన్నాయి. ఎద్దు పుండు కాకికి నొప్పా అని పెద్దలు ఊరికే అనలేదు.

మా చెల్లెలికి ఒక్కడే కొడుకు. వీధి గదిలో ఇస్త్రీ కొట్టు వాడిది. చుట్టుపక్కల లాడ్జీల దుప్పట్లు, ఆఫీసులకి వెళ్లేవాళ్ల చొక్కాలు మూటలు మూటలుగా వస్తాయి. మా ఆయన పోయాక నేనూ ఆ ఇంట్లోనే ఉంటున్నాను. మూటలు విప్పేది, ఎవరివి వాళ్లకి వేరుచేసేది, మడతలు పెట్టేది నేనే. ఒకరి ముద్ద ఊరికే తినే రకాన్ని కాను.

సూదిపిల్ల మొదట ఆ కొట్లో పని కోసం వచ్చింది. పెళ్లి మాట వాడే ఎత్తాడు. అది అవుననలేదు, కాదనలేదు. నాకు రోజూ సూదులుంటాయి, పిల్లల్ని కనడం నాకు అందరికీ ఉన్నంత తేలిక కాదు, ఇంట్లో చెప్పి అందరూ ఆలోచించుకున్నాక అడుగు అందట. వాడు చొక్కా చెయ్యి పైకి లాగి ఇస్త్రీ పెట్టె వాతలు చూపించి, నీవి సూదులు, నావి వాతలు, ఈడూజోడూ కుదిరిందిగా అన్నాడట. నోట్లో నాలుక లేనివాడు జన్మకి ఒక్కసారి సరైన మాటన్నాడు.

మా చెల్లెలు పెళ్లికి ఒప్పుకుంది గానీ మనసులో ముల్లు మనసులోనే ఉండిపోయింది. దాని తొలిచూలు బిడ్డ పక్కలోనే పోయింది. పొద్దున లేచి చూస్తే ఒళ్లు చల్లబడి ఉంది. ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేదు, మా చెల్లెలు ఎవర్నీ అడగలేదు. ఆ తర్వాత పుట్టినవాడే ఈ కొడుకు. ఆ మొదటి బిడ్డ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

కడుపు రాకముందే మొగుడూ పెళ్లాలు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. ముందు షుగరు దారికి తెచ్చుకోవాలి, ఆ తర్వాతే బిడ్డ మాట అని ఆవిడ చెప్పింది. చెప్పినట్టే చేసుకుని, ఆవిడ ఊ అన్నాకే ముందుకెళ్లారు. పెళ్లయినవాళ్లు డాక్టరమ్మ సెలవు తీసుకుని కాపురం చెయ్యడం నేను అక్కడే చూశాను.

నెల తప్పాక ఇంట్లో కంచం దగ్గర యుద్ధం మొదలైంది. ఇద్దరి కోసం తినాలంటూ మా చెల్లెలు కంచం నిండా పెట్టేది. లోపలున్నది వేలెడంత, దానికి వేరే కంచమేమిటే అని నేను. సూదిపిల్ల ఎవరితోనూ వాదించకుండా ఒక చిన్న గిన్నెతో కొలిచి పెట్టుకుని, మిగిలింది మళ్లీ కుండలో వేసేసేది. ముందు వేలు పొడుచుకుని రక్తపు చుక్క చిన్న మిషన్‌లో చూసుకోవడం, తర్వాత పొట్ట మీద సూది, ఆ తర్వాతే ముద్ద. దుప్పట్లు తెల్లవి కదా, పొడుచుకున్న వేళ్లకి గుడ్డపేలిక చుట్టుకుని ఇస్త్రీ చేసేది. లాడ్జీ దుప్పటి మీద రక్తపు మరక కనిపిస్తే పడుకోబోయేవాడు పోలీసుల్ని పిలుస్తాడని నవ్వేది.

ఇస్త్రీ దగ్గర ఇంకో చిక్కు ఉంది. షుగరు పడిపోయే ముందు మనిషికి చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి. నిప్పులాంటి పెట్టె ముందు నిలబడ్డ మనిషికి చెమట పట్టిందంటే ఎవరికి అనుమానం వస్తుంది? వాళ్లాయనే ఒక ఆనవాలు కనిపెట్టాడు. ఇస్త్రీ అయిపోయిన చొక్కా చేతినే మళ్లీ రుద్దుతోందంటే పెట్టె లాక్కుని దాని నోట్లో చక్కెర పోసేవాడు. ఏడో నెల దాటాక బల్ల ఎత్తు తగ్గించి కూర్చుని చేసుకునేలా అమర్చాడు కూడా.

నెలలు నిండేకొద్దీ సూదిమందు పెరుగుతూ పోయింది. మొదట్లో వేసుకున్నదానికి రెట్టింపయింది, ఆ పైనా పోయింది. మా చెల్లెలికి ముద్ద దిగడం మానేసింది. బిడ్డ పెరిగేకొద్దీ మందు పెరగడం మామూలేనని డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. మా చెల్లెలు బుద్ధిగా తలాడించి, బయటికొచ్చాక, ఆవిడకేం, ఆవిడ కోడలా అంది.

ఆపరేషన్ చేసి ఆడపిల్లని తీశారు. బొద్దుగా, బుగ్గలు వేసుకుని పుట్టింది. పుట్టీ పుట్టగానే నర్సు ఆ పసిదాని మడమ పొడిచి రక్తం తీసింది. తల్లికి షుగరు ఉంటే పుట్టిన బిడ్డకి షుగరు పడిపోవచ్చు కాబట్టి మొదట్లో అలా చూస్తారట, అంతే తప్ప బిడ్డకి జబ్బున్నట్టు కాదట. నాకు అర్థమైంది. సూదిపిల్లకి నాకంటే ముందే తెలుసు. తెలిసి కూడా, మోసినన్నాళ్లూ కంట తడి పెట్టని పిల్ల ఆ మడమ చూసి వెక్కి వెక్కి ఏడ్చింది.

కాన్పు అయీ అవగానే మందు సగానికి పైగా తగ్గించేశారు. పాలిచ్చేటప్పుడు షుగరు ఇంకా పడిపోతుంది, బిడ్డని రొమ్ముకి పెట్టుకునే ముందు ఏదో ఒకటి తినమని చెప్పి ఇంటికి పంపారు. చెప్పడం తేలిక. పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే ముందు తన నోట్లో ముద్ద పెట్టుకునే తల్లిని ఎవరైనా చూశారా?

అనుకున్నంతా అయింది. ఒక మధ్యాహ్నం పాలిచ్చి, పాపని ఎత్తుకుని, వీధి గదిలోకి వస్తూ గుమ్మంలో ఆగిపోయింది. ఏమిటే అలా నిలబడ్డావని అడిగితే నా వైపే చూస్తోంది గానీ పలకలేదు. చూస్తూ ఉండగానే మోకాళ్ల దగ్గర మడిచినట్టు కిందికి జారిపోయింది. చేతుల్లోంచి పాప జారి, నేను అప్పుడే విప్పి పోసిన దుప్పట్ల కుప్ప మీద పడింది. దెబ్బ తగల్లేదు. కాసేపు ఏడవను కూడా లేదు. వాడు పెళ్లాన్ని లేపి, గుటక వెయ్యగలుగుతోందని చూసుకుని చక్కెర నీళ్లు తాగించాడు. మా చెల్లెలు కోడలి వైపు కన్నెత్తి చూడలేదు. బిడ్డని తీసుకుని లోపలికెళ్లి తలుపేసుకుంది.

సాయంత్రానికి తీర్పు చెప్పింది. పాప ఇక తన గదిలోనే ఉంటుంది. పాలవేళకి తనే తెచ్చి ఇస్తుంది, తాగినంతసేపూ ఎదురుగా కూర్చుంటుంది, తాగాక తీసుకెళ్లిపోతుంది. నెల రోజులు పడిపోకుండా ఉండి చూపించు, అప్పుడు నీ బిడ్డ నీది అంది. కొడుకు ఏదో అనబోయాడు.

"ఆ దుప్పట్లు అక్కడ లేకపోతే ఏమయ్యేదిరా?" అంది.

వాడు తల దించుకున్నాడు. నేను దుప్పట్ల మూట ముందుకు లాక్కున్నాను.

అప్పటినుంచి పక్క గదిలో పాప ఏడిస్తే ఇస్త్రీ బల్ల దగ్గర సూదిపిల్ల గుడ్డలు పాలతో తడిసిపోయేవి. చెయ్యి ఆపకుండా ఇస్త్రీ చేసుకుంటూ పోయేది. చేతికి బిడ్డ వచ్చిన కాసేపూ మాత్రం ముఖంలోకి ముఖం పెట్టి చూసుకునేది. ఎదురుగా పోలీసులా అత్తగారు.

వారం గడిచింది, పడలేదు. ఇంకో వారం గడిచింది, పడలేదు. మా చెల్లెలు కొంచెం మెత్తబడి పాపని ఇంకాసేపు ఉంచడం మొదలుపెట్టింది. భయం పెడితే దారికొచ్చింది చూశావా అక్కా అంది నాతో. నీ భయానికి జడవడానికి జబ్బేమన్నా నీ కోడలా అన్నాను.

అయితే ఆ పిల్ల చిక్కిపోతోంది. చెంబుడు నీళ్లు గటగటా తాగి, చెంబు దించీ దించకముందే మళ్లీ ముంచుకునేది. పెరట్లోకి తిరగడం ఎక్కువైంది. పాలు తగ్గి పాప రొమ్ము వదిలేసి ఏడ్చేది. ఒక పొద్దున సూది వేసుకుంటుంటే వెళ్లి పక్కన కూర్చున్నాను. నాకు చదువు అంతంతమాత్రం. సూదిగొట్టం అడుగున చుక్క ఉందో, నిండుగా ఉందో చూడటానికి బడికెళ్లక్కర్లేదు.

"డాక్టరమ్మ ఇంత తగ్గించమందా?"

"కాన్పయ్యాక తగ్గించారుగా పెద్దత్తయ్యా."

"ఇంతా?"

సూదికి మూత పెట్టింది.

"షుగరు పడిపోతే అందరికీ కనపడుతుంది పెద్దత్తయ్యా. పెరిగితే ఎవరికీ కనపడదు. ఇంక కొన్ని రోజులేగా. మీరు చూడలేదనుకోండి."

"నువ్వు పోయాక బిడ్డ నీదైతే ఎవరికే లాభం?"

"పోను. చూసుకునే తగ్గిస్తున్నాను."

చూసుకునే తగ్గిస్తోందట. ఆ మాట అంటూనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకుంది. తిరిగొచ్చి బల్ల పట్టుకుని నిలబడితే కొండెక్కినదానిలా రొప్పుతోంది. నోటి దగ్గర మాగిపోయిన పండు వాసన. నోరు మూసుకునే మనిషినైతే ఈ వీధిలో నాకింత పేరెందుకొస్తుంది? ఇల్లు అదిరేలా వాణ్ణి పిలిచాను. వాడు పెళ్లాన్ని చేతుల మీద ఎత్తుకుని వీధిలోకి పరుగెత్తాడు. వేడెక్కిన పెట్టె చొక్కా మీదే వదిలేశాడు. ప్లగ్గు నేను తీశాను.

ఇన్సులిన్ చాలక ఒంట్లో విషం పేరుకుందని ఆసుపత్రిలో సెలైను, మందు ఎక్కించారు. ఇంకాస్త ఆలస్యమైతే తమ చేతుల్లో ఉండేది కాదంది డాక్టరమ్మ. తేరుకున్నాక మందు ఎందుకు తగ్గించావని అడిగితే, సూదిపిల్ల అత్తగారి మాటే ఎత్తలేదు. మరిచిపోయానంది. చిన్ననాటినుంచీ ఒక్క పూట మరవని మనిషి.

బయట బల్ల మీద మా చెల్లెలు పాపని ఒళ్లో వేసుకుని కూర్చుంది. పాలసీసా నోట్లో పెడితే పాప నాలుకతో తోసేసి ఏడుస్తోంది. అప్పుడు చెప్పాను. నెమ్మదిగానే చెప్పాను.

"అది మరిచిపోలేదే. పడిపోకుండా ఉండమన్నావు. అందుకు దానికి దొరికిన దారి అదొక్కటే."

"నేను మందు మానెయ్యమన్నానా అక్కా?"

"అనలేదు. బిడ్డని చేతిలో పట్టుకుని నెల రోజులన్నావు."

మా చెల్లెలు పాలసీసా పక్కన పెట్టింది. ఆసుపత్రి వాళ్లు నేల తుడుచుకుంటూ వచ్చి కాళ్లు ఎత్తమంటే ఎత్తింది, వాళ్లు వెళ్లాక దించడం మరిచిపోయి అలాగే కూర్చుంది.

"నాది పక్కలోనే పోయిందక్కా," అంది. "నేను పడిపోలేదు. నాకే జబ్బూ లేదు. అయినా పోయింది."

ఇన్నేళ్లలో ఆ మాట దాని నోట వినడం అదే మొదలు. వీపు మీద చెయ్యి వేశాను, పాప ఏడ్చి ఏడ్చి నిద్రపోయేదాకా తియ్యలేదు.

ఇంటికొచ్చాక మా చెల్లెలు కోడల్ని క్షమించమని అడిగిందనుకునేరు. తప్పయిందనే మాట మా పుట్టింట్లోనే లేదు. దానికీ రాదు, నాకూ రాదు. నాకు ఆ మిషన్ చూడటం నేర్పు అని మాత్రం అడిగింది. ముందు తన వేలు పొడుచుకుని చూసింది. కెవ్వుమని, ఆ వేలు నోట్లో పెట్టుకుని, తర్వాత కోడలి చెయ్యి లాక్కుని పది వేళ్లూ ఒక్కొక్కటే తిప్పి తిప్పి చూసింది.

"నా మీద కోపంతో చేశావా?" అంది చెయ్యి వదలకుండా.

"కోపమెందుకత్తయ్యా. బిడ్డ నా చేతుల్లో ఉంటే మీకు భయం. లేకపోతే నాకు భయం. అంతే."

నెల గడువు మాట ఆ రోజుతో పోయింది. పాప తల్లి పక్కలోకి వచ్చింది. పాలివ్వడానికి నేల మీద గోడవార పరుపు వేశారు, ఒకవేళ ఒరిగినా ఎవరూ ఎక్కడినుంచీ పడకుండా. పాప ఏడుపు అందుకోగానే మా చెల్లెలు ముందు కోడలి చేతికి కంచం ఇచ్చేది. అది నాలుగు ముద్దలు తినేదాకా పాపని తను ఆడించేది. ఏడవనీ, ఏడిస్తే గొంతు గట్టిపడుతుంది, పెద్దమామ్మ గొంతే రావాలి దీనికి అనేది నన్ను చూసి. అన్నా కూడా, దాని కళ్లలో భయం పోలేదు. తల్లి ఒళ్లో పాప ఉన్నంతసేపూ ఏదో పని పెట్టుకుని ఆ గదిలోనే తచ్చాడేది.

పాప బోర్లాపడే రోజుల్లో ఒక మధ్యాహ్నం సూదిపిల్ల పరుపు మీద కూర్చుని పాలిస్తోంది. నేను చొక్కాలు మడత పెడుతున్నాను.

"అత్తయ్యా, పడిపోతున్నట్టుంది," అంది.

అంతవరకూ ఆ మాట తన నోటితో ఎప్పుడూ చెప్పలేదు. మా చెల్లెలు వచ్చి ముందు పాపని తీసుకుంది. పాప ఒక చంకలో, రెండో చేత్తో చక్కెర నీళ్ల గ్లాసు పట్టుకుని తాగించింది. తాగుతున్న పిల్ల కళ్లు గ్లాసు మీద లేవు, పాప మీద ఉన్నాయి. వేలు పొడిచి చూశారు. కాసేపాగి మళ్లీ చూశారు. వణుకు తగ్గింది. మా చెల్లెలు అన్నం కలిపి తెచ్చి దగ్గరుండి తినిపించింది. ఇంత జరుగుతున్నా పాప ఏడుపు ఆపలేదు.

కంచం కింద పెట్టి మా చెల్లెలు పాపతో లేచి నిలబడింది. తన గది తలుపు పక్కనే ఉంది. నా చేతిలో మడత ఆగిపోయింది. కోడలు అడగలేదు, చెయ్యి చాపలేదు, చూస్తూ ఉంది. మా చెల్లెలు గది తలుపు వైపు ఒకసారి, పరుపు వైపు ఒకసారి చూసింది. చివరికి వంగి పాపని తల్లి ఒళ్లో పెట్టింది.

"కానియ్, దానికింకా కడుపు నిండలేదు," అని కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.