గురవమ్మ వేసుకున్న బిళ్ళ

విడవలూరు దాటి సముద్రం వైపు పోయే రోడ్డు మీద ఒక రొయ్యల కంపెనీ ఉంది. అందులో ఏళ్ళ తరబడి రొయ్యలు ఒలిచిన మనిషి గురవమ్మ. ఒళ్ళు గట్టిది, నోరు అంతకన్నా గట్టిది. ఎడమ కనుబొమ మీద పాత మచ్చ ఒకటి ఉంటుంది. మొగుడు పడవ తెడ్డుతో కొట్టినప్పుడు పడిన మచ్చ అది. ఆ మహానుభావుడు ఇరవై ఏళ్ళు ఆమెను తన్ని తన్ని, తాగుడుతో లివరు చెడి పోయాడు. మొగుడు పోతే కంట తడి పెట్టలేదని వాడంతా ఆమెను ఆడిపోసుకుంది. ఆ ఇరవై ఏళ్ళలో ఒక్క మగాడైనా వాకిట్లోకి వచ్చి వాడి చెయ్యి పట్టుకున్నాడా? లేదు. అది తలుచుకుంటేనే ఒళ్ళు మండుతుంది.

కంపెనీలోకి బిళ్ళలు వచ్చింది అమ్మోనియా గ్యాసు పైపు పగిలాక. ఆ రోజు కళ్ళు మంటలెత్తి, ఊపిరాడక, జనం ఒకరినొకరు తొక్కుకుంటూ బయటపడ్డారు. లోపల ఎవరు మిగిలారో చెప్పగలిగిన మనిషి లేడు. ట్రేల కింద పడిపోయిన ఒకామెను ఎప్పటికో మోసుకొచ్చారు. అప్పటికే ఆమెలో ప్రాణం లేదు. అప్పుడు కంపెనీకి బుద్ధి పుట్టి, నెల్లూరు నుంచి సుశీల్ కుమార్ అనే ఇంజనీరును పిలిపించింది. ఆయన గది గదికీ గోడల మీద చిన్న తెల్ల పెట్టెలు బిగించి, మనిషికొకటి చొప్పున, పేరు రాసిన అగ్గిపెట్టెంత బ్యాడ్జీ ఇచ్చాడు. అది ఏప్రాన్‌కు తగిలించుకుంటే చాలు, ఎవరు ఏ గదిలో ఉన్నారో గేటు దగ్గరి టీవీ తెర మీద పేరుతో సహా కనిపిస్తుంది. ఆపదొస్తే దాని మీది ఎర్ర బటన్ నొక్కాలి. నొక్కితే సైరన్ మోగుతుంది.

ఆడవాళ్ళు దాన్ని బిళ్ళ అన్నారు. నెల తిరక్కుండానే సూపర్‌వైజర్లకు అది ఇంకో పనికి అక్కరకొచ్చింది. బాత్రూముకు ఎవరు పోయారు, ఎంతసేపు కూర్చున్నారు అని తెర చూసి తిట్టడం మొదలుపెట్టారు.

"ఆవు మెడలో గంట కట్టినట్టు కట్టినారు గదే మనకి!" అంది గురవమ్మ.

ఆడవాళ్ళు ఊరుకుంటారా? ఒకరి బిళ్ళ ఒకరు తగిలించుకోవడం అలవాటు చేసుకున్నారు. ఒంట్లో బాగాలేని పిల్లకు తేలిక పని అప్పగించి, దాని బరువు పని ఇంకొకామె చేసిపెట్టేది. నీలం ఏప్రాన్, టోపీ, మాస్కు, మోకాళ్ళ దాకా బూట్లు వేసుకున్నాక ఎవరు ఎవరో కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. బిళ్ళ ఏ పేరు చెబితే ఆ మనిషే.

గురవమ్మ రొయ్యలు ఒలిచే హాల్లోనే రోజారమణి అనే పడుచుపిల్ల పనిచేసేది. నాలుగో నెల. మొగుడు మాల్యాద్రి నెల్లూరు మార్కెట్లో చేపలు కోస్తాడు. కడుపుతో ఉందని తెలిసీ పొట్ట మీద తన్నాడు. ఆ పిల్ల కట్టుబట్టలతో వచ్చి గురవమ్మ ఇంట్లో తల దాచుకుంది. "దొరకనీ, చేపను చీల్చినట్టు చీలుస్తా" అని మాల్యాద్రి మార్కెట్లో పదిమంది ముందే అన్నాడు. పదిమందీ విన్నారు. విని చేపలు కొనుక్కుని పోయారు.

ఆ రోజు ఐస్ రూములో పారతో ఐసు ఎత్తే వంతు రోజారమణిది. పొద్దుట్నుంచీ నడుం పట్టేసిందని ఆ పిల్ల మూలుగుతుంటే గురవమ్మ కసిరింది.

"నీ బిళ్ళ ఇట్టా తే. నా పీట మీద కూర్చోని ఒలుచుకో పో. కడుపులో దాన్ని ఐసులో ముంచతావా ఏంది?"

బిళ్ళలు మారాయి. గురవమ్మ ఐస్ రూములోకి పోయింది. రోజారమణి పక్క హాల్లో రొయ్యలు ఒలుస్తూ కూర్చుంది. మధ్యలో ఒక్క తలుపు.

గేటు దగ్గర వాచ్‌మన్ లాజరస్ ఉన్నాడు. మంచివాడు, చర్చి సంఘంలో పెద్ద. ఇంటి నుంచి వచ్చిన అన్నం క్యారియర్ గేటు దగ్గర ఆగకూడదంటాడు. ఒకరి అన్నం మీది మూత ఇంకొకరు తియ్యకూడదని కూడా ఆయన పట్టింపు. ఆ చుట్టుపక్కల అందరిదీ అదే పట్టింపు. మాల్యాద్రి గుడ్డసంచిలో క్యారియర్ పట్టుకుని, తల దువ్వుకుని వచ్చాడు.

"అన్నా, తప్పయిపోయింది. మా రోజాకి చేపల పులుసు తెచ్చినా. పిలిపిస్తే రాదు. నా చేత్తో ఇచ్చి కాళ్ళు పట్టుకుంటా."

మొగుడూ పెళ్ళాలను కలపడం పుణ్యమనుకున్నాడు లాజరస్. కొట్టుకోని సంసారం యాడుంది అనుకున్నాడు. తెర వైపు చూశాడు.

"ఐస్ రూములో ఉండాది. పోయి ఇచ్చేసిరా."

క్యారియర్ అడుగు గిన్నెలో పులుసు లేదు. చేప పొట్ట చీల్చే పొట్టి కత్తి ఉంది.

ఐసు మిషను హోరులో గురవమ్మకు అడుగుల చప్పుడు వినిపించలేదు. "రోజా" అన్న పిలుపూ, భుజంలో కత్తీ ఒకేసారి దిగాయి. తిరిగి చూస్తే మాల్యాద్రి. వాడి చూపు బిళ్ళ మీది రోజారమణి పేరు మీద ఉంది.

మాస్కు కిందికి లాగి "నేను కాదురా" అంటే చాలు. వదిలేసేవాడే. వదిలేసి ఎక్కడికి పోయేవాడు? ఆ తలుపు తోసుకుని హాల్లోకి. అందుకే గురవమ్మ మాస్కు తియ్యలేదు. నోరు విప్పితే గొంతు పట్టిస్తుందని నోరూ విప్పలేదు. జన్మలో ఏనాడూ నోరు మూసుకోని మనిషి, పళ్ళు బిగించి, తలుపుకు వీపు ఆనించి నిలబడింది. ఒక చేత్తో ఎర్ర బటన్ నొక్కింది.

వాడు పొట్ట చూసి పొడిచాడు. అడ్డం పెట్టిన ఎడమ అరచెయ్యి చీలింది. కుడిచేత్తో పార తిప్పి వాడి మూతి మీద కొట్టింది. పళ్ళు రాలాయి. వాడు ఆమె జుట్టు టోపీతో సహా పట్టి గోడకేసి బాదాడు. రెండోసారి బాదాడు. ఆమె పార వదల్లేదు. వాడి మోకాటి చిప్ప మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు సైరన్లో కలిసిపోయింది. ఇద్దరూ ఐసు మీద పడ్డారు. తెల్లటి ఐసు చేపలు కడిగిన నీళ్ళలా ఎర్రబడింది. వాడు మీదికెక్కి మెడ మీద కత్తి పెట్టి, ఆఖరిసారి పెళ్ళాం మొహం చూసుకోవాలనేమో మాస్కు లాగాడు.

"నువ్వా!"

"నేనేరా," అని వాడి మొహాన నెత్తురు ఉమ్మింది గురవమ్మ.

అప్పటికి తలుపు తెరుచుకుంది. హాల్లోని ఆడవాళ్ళందరూ వచ్చి పడ్డారు. ట్రేలతో కొట్టారు, బూటుకాళ్ళతో తొక్కారు. లాజరస్ పరుగెత్తుకొచ్చి ఆపమని మొత్తుకున్నా ఎవరూ ఆపలేదు. రోజారమణి మాత్రం గురవమ్మ బిళ్ళను రెండు చేతుల్తో గుండెకు అదుముకుని గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

నెల్లూరు ఆస్పత్రిలో ఎస్సై వచ్చి అడిగాడు. "నేను ఆమెను కాదని ఒక్క మాట చెప్పుంటే పోయేది కదమ్మా. ఇన్ని పోట్లు ఎందుకు తిన్నావు?"

గురవమ్మ కట్టు కట్టిన చెయ్యి వైపు చూసుకుంది. "మా ఆయన చేతిలో ఇరవై ఏండ్లు ఊరికే తిన్నా సార్. దేనికి తిన్నానో తెలిసి తిన్నది ఈ ఒక్క రోజే."

ఎస్సై ఆ మాట అలాగే రాసుకున్నాడు.

ఎడమచేతి రెండు వేళ్ళు ఇక ముడుచుకోలేదు. రొయ్య ఒలవడానికి ఆ చెయ్యి పనికిరాదు. బిళ్ళలు మార్చుకున్నందుకు నోటీసు ఇవ్వబోయిన కంపెనీ, ఆడవాళ్ళు పని ఆపి గేటు ముందు కూర్చునేసరికి దిగొచ్చింది. ఆమెకు గేటు దగ్గరే కుర్చీ వేసింది. బయటివాళ్ళకు కనిపించకుండా తెరను గోడ వైపు తిప్పించిందీ, వచ్చే ప్రతి క్యారియర్ తనే చూస్తానన్నదీ గురవమ్మే.  ఆ రోజు నుంచీ లాజరస్ ఆమె కళ్ళలోకి సూటిగా చూడలేదు.

మాల్యాద్రి జైల్లో ఉండగానే రోజారమణికి ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల గురవమ్మ ఇంట్లోనే పాకుతోంది.

మొన్న ఒక మొగుడు క్యారియర్ వెనక్కి లాక్కున్నాడు. "తినే అన్నం మీద నీ కన్ను పడితే మా ఆడదానికి అరుగుతుందా? ఇదేం పద్ధతి పెద్దమ్మా?"

గురవమ్మ ముడుచుకోని వేళ్ళను క్యారియర్ మీద పెట్టింది.

"అరక్కపోతే మందేసుకుంటుందిలే అబ్బయా. ముందు మూత తియ్యి. అడుగు గిన్నెది కూడా."