మణికట్టు మీద రంగూన్ సూది

ఆయన పేరు నేనెన్నడూ అడగలేదు. రంగూన్‌లో ఒక చీనా వైద్యుడి దగ్గర సూదులు గుచ్చడం నేర్చుకుని, యుద్ధం రాగానే కోదాడ తిరిగొచ్చి, ఆ తర్వాత మా ఊరు చేరినవాడు. సూర్యాపేటలో మాకందరికీ ఆయన 'సూదులాయన'. గుచ్చే ముందు అరచేతి కింద, మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి చోటు కొలిచి, "గుండెను ఉరికియ్యకు, జర కూసోబెట్టు" అనేవాడు, గుండె ఏదో కట్టు తెంచుకున్న మేకపిల్ల అయినట్టు.

మా నాయనమ్మకు గుండెదడ. ఆ వేసవి దాటుతుందో లేదోనని నాన్నకు దిగులు. సూది దిగాక నేను నాన్న గడియారం పట్టుకుని నాడి లెక్కబెట్టాను. నిజంగానే నెమ్మదించింది. కాలేజీ సెలవులకు వచ్చినదాన్ని, ఊరుకుంటానా?

"సూదితోని కాదు. కదలకుండ కూసుంటే ఎవలకైనా తగ్గుతది!"

"పెద్దమనిషితోని గట్లనేనా మాట్లాడేది?" అని నాయనమ్మ లేచింది.

ఆయన ఆమె నాడి పట్టుకుని, "సూడు బిడ్డా, నువ్వు నోరు తెరిచినవ్, మళ్ల ఉరుకుతున్నది" అన్నాడు. లెక్కబెట్టాను. నిజమే.

చెయ్యి చాపమన్నాడు. పంతానికి చాపాను. నాకూ ఒక సూది దించి, "ఇది తీసేదాక మాట్లాడొద్దు, మాట్లాడితే పని చెయ్యది" అన్నాడు. నా గుండె సంగతేమో గానీ, నాయనమ్మ గుండె హాయిగా కూర్చుంది.

మనల్ని అడగకుండానే గుండెను ఉరికించే నరాలూ, నిదానింపజేసే నరాలూ ఉంటాయని తర్వాత పుస్తకంలో చదివాను. ఇంటికొచ్చి అదే చెప్పబోతే నాయనమ్మ మంచం మీంచి కేకేసింది:

"సూదులాయనను పిలువుండ్రి. నాకు కాదు, దీనికి!"