పడవ వెనక మూల

దుబాయ్‌లో నా ఉద్యోగం కూర్చోవడం. నవ్వులాటకు అనడం లేదు. పొద్దున్నే పడవెక్కి వెనక ఎడమ మూలన కూర్చునేవాణ్ని. కుడి మూలన దాదాపు నా అంతే ఉండే నేపాలీ ఒకడు కూర్చునేవాడు. మేమిద్దరం డబ్బిచ్చి ఎక్కిన గిరాకీలం కాదు, పనివాళ్లమని గట్టిగా చెప్పుకోవడానికీ లేదు. మేం బరువు, అంతే. "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి" అని మా నాయిన నన్ను దెప్పని రోజు లేదు చిన్నప్పుడు. నన్ను ఆ పడవలో చూసి ఉంటే ఏమనేవాడో.

ఆ పడవతో ఆడే ఆట గురించి చెప్పాలి. పడవ వెనక తాడు పట్టుకుని, కాళ్లకు పలక బిగించుకుని ఒక మనిషి నిలబడతాడు. పడవ లాగుతుంటే నీటి మీద జారుతూ వస్తాడు. పడవ పోయిన దారిలో రెండు పక్కలా నీళ్లు గట్టులా లేస్తాయి. పలక మీది మనిషి ఆ గట్టెక్కి గాల్లోకి ఎగరాలి. పడవ తేలిగ్గా ఉంటే గట్టు లేవదు, ఎగిరేవాడికి మజా ఉండదు. వెనక భాగం బరువుతో నీళ్లలోకి దిగాలి. అందుకని సీట్ల కింద పెద్ద రబ్బరు సంచులు పెట్టి, పంపుతో సముద్రపు నీళ్లు నింపుతారు. రెండు మూలలా సమంగా నింపాలి. ఒక పక్క ఎక్కువైతే ఆ పక్క అల బాగుంటుంది, రెండో పక్కది నురగై చెదిరిపోతుంది.

మొదట్లో ఆ సంచులు నింపడమే నా పని. దాని కిటుకు నాకు మొదటి రోజే ఎక్కింది. దుబాయ్ పోకముందు నేను సిరిసిల్లలో సాంచలు నడిపాను. కరెంటు మగ్గాన్ని మా దగ్గర సాంచ అంటారు. పడుగు దారాలు చుట్టిన బీముకు రెండు పక్కలా ఇనుప బరువులు వేలాడతాయి. అవి లేకపోతే దారం వదులై బట్ట జల్లెడలా వస్తుంది. బరువు విషయం నాకు ఒకరు చెప్పాలా? పడవ నడిపే కెప్టెన్, కేరళ నుంచి వచ్చిన మలబారి, నా పని చూసి మెచ్చుకున్నాడు. రోజూ గిరాకీ లేని వేళ కాసేపు స్టీరింగ్ నా చేతికిచ్చి నేర్పడం మొదలుపెట్టాడు. నాకు సంతోషం ఆగలేదు. ఇంటికి ఫోన్ చేసి "పడవ డ్రైవర్‌నైన" అని చెప్పేశాను. నా భార్య కోరుట్లలో బీడీలు చుట్టేది. ఆ సాయంత్రానికల్లా బీడీల చాట ముందేసుకుని కూర్చున్న ప్రతి ఆడమనిషికీ ఆ సంగతి తెలిసిపోయింది.

అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. నాది ఒక నెల అతికింది.

ఒక శుక్రవారం నీళ్లు నింపే పంపు చెడిపోయింది. గిరాకీ ఒడ్డున నిలబడి గడియారం చూస్తోంది. కెప్టెన్ మెకానిక్ కోసం ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. ఊరుకునే గుణం నాకు పుట్టుకతోనే లేదు. సిరిసిల్లలో సాంచ బరువు పోయిందనుకోండి, ఇసుక సంచి కట్టి నడిపిస్తాం. ఇనుము వచ్చేదాకా సాంచల యజమాని, ఏ ఆసామీ అయినా, సాంచ ఆపుకుని కూర్చోడు. దుబాయ్‌లో ఇసుకకు కరువా? నాలుగు బియ్యం సంచులు తెచ్చి ఇసుక నింపి, కుట్లు వేసి, సీట్ల కింద సమంగా సర్ది "చలో" అన్నాను. అల ఎంత బాగా లేచిందో! కెప్టెన్ వెనక్కి తిరిగి బొటనవేలు చూపించాడు. అరగంట గడిచేసరికి తడిసిన సంచులు కుదుపులకు పిగిలిపోయాయి. ఇసుకంతా పడవ అడుక్కి జారి, అడుగున చేరే నీళ్లను బయటికి తోసే మోటారులో పడింది. అది గర్రుమని ఆగిపోయింది. ఒడ్డు చేరేసరికి మా చీలమండల దాకా నీళ్లున్నాయి. సాంచ కింద నేల ఉంటుందనీ, పడవ కింద ఉండదనీ నాకు తట్టనే లేదు.

కెప్టెన్ నన్ను పనిలోంచి తీయించలేదు. "బరువు పెట్టడం అంత ఇష్టమైతే నువ్వే బరువై కూర్చో" అన్నాడు హిందీలో. నీళ్ల సంచులు నిండినా ఇంకా ఎత్తు అల కావాలనే గిరాకీలు ఉండేవాళ్లు. వాళ్ల కోసం నేను మూలకు చేరాను. మళ్లీ స్టీరింగ్ ముట్టనివ్వలేదు. ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అవి తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులు. మా గదిలో టీవీ పెడితే చాలు, ఆగిన బస్సులు, తాళాలేసిన ఆఫీసులు, రోడ్ల మీద వంటలు. ఊరు ఊరంతా లేచి నిలబడితే నేను దూరంగా ఉప్పునీళ్ల మీద, ఎవడో గాల్లో ఎగరడం కోసం కూర్చున్నాను. ఒళ్లంతా చీమలు పాకినట్టుండేది. కాలు ఆడించేవాణ్ని, లేచి నిలబడేవాణ్ని. "కదలకు, అల పాడవుతుంది" అని కెప్టెన్ అరిచేవాడు.

ఆ రోజుల్లోనే నా భార్య ఫోన్‌లో ఆ మాట చెప్పింది.

"మా తమ్ముడు నీ దగ్గరికే అస్తడట. నువ్వు పడవ నడుపుడు నేర్పుతవని ఖుషీల ఉన్నడు. జగిత్యాల ఏజెంటుకు ఇయ్యుమని పాస్‌పోర్టు నా చేతుల వెట్టి పోయిండు. అది ఏజెంటుకు అందినంక సాంచలు ఇడిచిపెడ్తనని ఆసామికి చెప్పిండట."

బామ్మర్దిది నాలాంటి ఆగం బుద్ధి కాదు. సిరిసిల్లలో పని నేర్చుకుని, నాలుగు సాంచలు ఒక్కడే నడిపేవాడు. అవి ఒకసారి వదిలితే మర్నాటికి ఇంకొకరి చేతిలో ఉంటాయి. ఇక్కడికొస్తే వాడికి దొరికేది నేపాలీ పక్కన ఇంకో మూల. నా గొప్ప మాట నమ్మి వాడు ఉన్నది పోగొట్టుకోబోతున్నాడు. ఇదంతా క్షణంలో తెలిసింది. అయినా నా నోట్లోంచి వచ్చింది మాత్రం "మంచిదే, చూద్దాం తియ్" అనే.

నాలుగు రోజులకోసారి అడిగేవాణ్ని, పాస్‌పోర్టు ఇచ్చినవా అని. "బస్సుల్లేవాయె, జగిత్యాలకు ఎట్ల పోవాలె?" అనేది. ప్రాణం లేచొచ్చేది. సమ్మె ఇంకొన్నాళ్లు సాగాలని మనసులోనే మొక్కుకున్నాను. తెలంగాణ కోసం కాదు, నా కోసం. ఊళ్లో వాళ్లు జీతాలు లేకుండా కష్టపడుతుంటే నేను అలా కోరుకున్నాను. ఇప్పటికీ ఆ సంగతి తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఒకరోజు మధ్యాహ్నం రెండు ఆటల మధ్య ఫోన్ చేశాను. వెనక డప్పులు, ఆడవాళ్ల పాట వినిపిస్తున్నాయి.

"యాడ ఉన్నవ్?"

"రోడ్డు మీద కూసున్నం, బీడీలోళ్లమంత. చాటలు గూడ తెచ్చుకున్నం. ఇటు చుట్టుడు నడుస్తంది, అటు రోడ్డు బంద్ నడుస్తంది." నవ్వింది. తర్వాత మామూలుగా అంది, "తమ్ముడు ఎవలదో బండి దొరికిచ్చుకున్నడట. రేపు వేములవాడ మీదికెళ్లి మనింటికి అస్తడట. పాస్‌పోర్టు తీస్కొని తనే జగిత్యాలకు పోతడట."

ఇక దాక్కోవడానికి బస్సుల సాకు కూడా లేదు. అప్పుడు చెప్పేశాను. ఇసుక సంచులు, చెడిపోయిన మోటారు, స్టీరింగ్ పోవడం, మూల సీటు, అన్నీ ఒక్క గుక్కలో. "నేను డ్రైవర్‌ను గాను. నేను గూడ నీ లెక్కనే కూసునే పని చేస్తున్న. నువ్వు తెలంగాణకు కూసున్నవ్, నేను ఎవనికో కూసున్న" అన్నాను.

పాట వినిపిస్తోంది.

"నాకు ఎర్కనే" అంది.

"ఎట్ల?"

"సెలవు మీద అచ్చినోళ్లతోని ఫోటోలు పంపినవ్ గద. నాలుగు ఫోటోలల్ల నాలుగుసార్లు గా మూలకే కూసున్నవ్. చక్రం ఇంకోని చేతుల ఉన్నది. నడిపెటోడు గట్ల కాళ్లు జాపుకొని ఎన్క కూసుంటడా?"

"మరి నీ తమ్మునికెందుకు చెప్పలే?"

"నీ ఇజ్జత్ నేనెందుకు తీస్త? అది నువ్వు చెప్పాలె." గొంతు తగ్గించి అంది, "పాస్‌పోర్టు తునికాకు కట్టల కింద దాచిపెట్టిన. బస్సులే బందున్నయి గని, ఆటోలు మొదటి సంది తిరుగుతనే ఉన్నయ్. ఇయ్యాల చెప్తవ్, రేపు చెప్తవ్ అని నీ కోసం గూడ కూసున్న."

ఒడ్డు మీద కెప్టెన్ నా పేరు పెట్టి పిలుస్తున్నాడు. కొత్త గిరాకీ వచ్చింది, అలకు బరువు కావాలి. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది, ఆ కోపం ఎవరి మీదో తెలియలేదు.

"నాతోని చెప్పుడు గాదు. ఇప్పుడే వానికి చెయ్యి" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఫోన్ చెవికి పెట్టుకునే పడవెక్కి నా మూలన కూర్చున్నాను. సిరిసిల్లలో ఆ పూట కరెంటు ఉన్నట్టుంది. బామ్మర్ది ఫోన్ ఎత్తగానే టకటకా టకటకా సాంచల చప్పుడు.

"బావా, సప్పుడుకు ఇనస్తలేదు. ఉండు, సాంచలు ఆపి మాట్లాడ్త" అని అరిచాడు.

"ఆపకు" అని అంతకన్నా గట్టిగా అరిచాను. "సాంచ ఆపకుండనే ఇను."